పర్సోఁ అంటే ఎప్పుడు?

హరిబౌలిలో సుబ్రహ్మణ్యం గారి ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. శాలిబండ దాటాక ఏ ఆటో అతన్ని అడిగినా "పంతులు కా ఘర్" అంటూ నేరుగా గడప ముందు దింపుతాడు. ఆ ఇంటి ముందుగదిలో నలభై ఏళ్లుగా ఒకటే వ్యాపారం. వ్యాపారమంటే ఆయన ఒప్పుకోరు గానీ జరిగేది అదే. ఎవరింట్లోనో చండీహోమం, తొమ్మిదిమంది కావాలి. ఎక్కడో విగ్రహ ప్రతిష్ఠ, పదకొండుమంది కావాలి. ఫోను మోగుతుంది. సుబ్రహ్మణ్యం గారు ఎర్ర అట్ట నోటుబుక్కు తీసి, ఎవరికి రుద్రం బాగా వచ్చు, ఎవరి గొంతు గంటసేపు నిలుస్తుంది, ఎవరు తెల్లవారుజామున పిలిస్తే పలుకుతారు అని చూసుకుని ఋత్విక్కుల్ని పంపుతారు. ఆయన పంపిన మనిషి మంత్రం మింగేశాడన్న మాట పాతబస్తీలో ఇంతవరకు ఎవరూ అనలేదు.

అందుకే ఉగాది వెళ్లిన వారానికి కోడలు వేదశ్రీ, ఉద్యోగం మానేసి కంపెనీలకు కంప్యూటర్ పనివాళ్లను కాంట్రాక్టు మీద పంపే వ్యాపారం పెడతానన్నప్పుడు, ఇంట్లో అందరికన్నా ముందు అర్థమైంది ఆయనకే.

"గింతేనా అమ్మా! నేను చేసేదే గద. నాకు యజుర్వేదం, నీకు జావా," అన్నారు.

అర్థం కానిది వేదశ్రీ భర్త ముకుంద్‌కి. జలమండలిలో ఉద్యోగం చేసే మనిషికి నెల మొదటి తారీఖున జీతం రాని బతుకు ఊహకందదు. పైగా వేదశ్రీది పన్నెండేళ్ల ఉద్యోగం. మాధాపూర్‌లో ఇలా మనుషుల్ని పంపే కంపెనీలోనే పని. రోజూ గంటన్నర పోను, గంటన్నర రాను. ఆ ప్రయాణం ఆమె భరించింది. భరించలేకపోయింది కాగితాల్ని. రెండేళ్ల అనుభవం ఉన్నవాడికి ఆరేళ్లని రాయడం, ఇంటర్వ్యూలో ఒకరి బదులు ఇంకొకరిని కూర్చోబెట్టడం, కింద ఆమె సంతకం. ఒకరోజు అలాంటి కాగితం మీద పెన్ను పెట్టబోయి ఆగిపోయింది. పెన్ను అక్కడే వదిలి ఇంటికొచ్చేసింది.

"వినాయక చవితి దాక చూద్దం," అన్నాడు ముకుంద్. "అప్పటికి ఒక్క మనిషినన్న ఎక్కడన్న పెట్టినవనుకో, నేను మల్ల నోరెత్త. పెట్టకపోతే మాధాపూర్‌కు వాపస్. మీ సార్ నీ కుర్చీ ఖాళీగ ఉంచుత అన్నడు గద."

"సరే," అంది వేదశ్రీ. ఉగాది నుంచి చవితికి చాలా దూరం ఉన్నట్టే అనిపించింది ఆమెకు.

ముందుగదిలో మామగారి చాప ఒకవైపు, ఆమె బల్ల ఒకవైపు. కంపెనీ పేరు 'ఋత్విక్ సర్వీసెస్'. కార్డులు ఛత్తాబజార్‌లో అచ్చువేయించింది. అది పెళ్లిపత్రికల దుకాణం. అలవాటు కొద్దీ అతను ప్రతి కార్డు మీదా బంగారు రంగు వినాయకుణ్ణి వేసి, అంచులకు పసుపు కూడా పూసి ఇచ్చాడు. పేరు కింద ఆమె కావాలని రాయించిన మాట ఒకటుంది: 'మా మనిషి కాగితంలో అబద్ధం ఉండదు.' కార్డు అందుకున్న పెద్ద ఆఫీసర్లు ముందు కళ్లకద్దుకునేవాళ్లు, తర్వాత చదివేవాళ్లు, ఆ తర్వాత నవ్వేవాళ్లు. చదివాక నవ్వినవాళ్లెవరూ మళ్లీ ఫోన్ చేయలేదు.

నాలుగు నెలలు గడిచాయి. బోనాలు వచ్చాయి, వెళ్లాయి. వేదశ్రీ ల్యాప్‌టాప్ తెరవడం, మూయడం తప్ప ఒక్క మనిషీ ఎక్కడా చేరలేదు. మామగారి ఫోను మాత్రం మోగుతూనే ఉండేది. శ్రావణం కదా, ఆయన మనుషులకు క్షణం తీరిక లేదు.

"ఫికర్ చెయ్యకు అమ్మా," అనేవారాయన. "నాకు గూడ మొదట్ల గిట్లనే. మొన్న మీ పెండ్లి అయినప్పుడు సూడు, ఇరవైమంది కావాల్నంటే గంటల తెచ్చిన."

మొన్న అయిన ఆ పెళ్లికి పదమూడేళ్లు.

ఆగస్టు మొదటివారంలో పాత ఆఫీసు స్నేహితుడు రామలింగం ఒక నంబరిచ్చాడు. ఇండోర్‌లో మందుల పంపిణీ చేసే కంపెనీ. పాత సర్వర్‌లో ఉన్న సరుకు వివరాలన్నీ కొత్త సర్వర్‌లోకి మార్చాలి. మూడు నెలల పని, చాలామటుకు ఇంటి నుంచే చేసుకోవచ్చు. చూసేది నీలిమా సక్సేనా అనే ఆవిడ. మనుషుల్ని పంపే ఏజెన్సీలంటే ఆవిడకు చచ్చేంత విసుగని రామలింగం ముందే చెప్పాడు.

వేదశ్రీ దగ్గర ఆ పనికి తగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, జల్‌పల్లి ప్రేమ్‌రాజ్. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఇశ్రాయేలు కొడుకు. చేస్తున్న కంపెనీ పోయిన సెప్టెంబర్‌లో అతని విభాగాన్నే ఎత్తేసింది. అప్పటి నుంచి ఇంట్లోనే. భార్య సోనీ నర్సు, ఆమె జీతంతోనే ఇల్లు గడుస్తోంది. ఇంకో మూడేళ్లు కలిపి రాసుకుంటే పని ఇప్పిస్తామని నలుగురు ఏజెంట్లు చెప్పినా వినకుండా, పసుపు అంచు కార్డు ఎక్కడో చూసి వెతుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, నాకు చేసింది చెప్పుడు తప్ప చెయ్యంది చెప్పరాదు. నోరు తిరగది," అన్నాడు మొదటి రోజే. వేదశ్రీకి ఆ మాటతోనే అతను నచ్చాడు.

గురువారం పదకొండింటికి ముందుగదిలో వీడియో ఇంటర్వ్యూ. ఓ మూల చాప మీద సుబ్రహ్మణ్యం గారు నోటుబుక్కు చూసుకుంటున్నట్టు కూర్చున్నారు గానీ చెవులన్నీ ఇటే. నీలిమ ఇంగ్లీషులో పదినిమిషాలు అడిగింది. ప్రేమ్‌రాజ్ జవాబులు సరిగానే చెప్పాడు గానీ నుదుటి మీద చెమట కనిపిస్తూనే ఉంది. ఆవిడకు జాలేసిందేమో, హిందీలో మాట్లాడుకుందామా అంది.

ప్రేమ్‌రాజ్‌కి ప్రాణం లేచొచ్చింది. పాతబస్తీ గల్లీల్లో గోలీలాడుతూ నేర్చిన హిందీ అతనిది. దాన్ని హిందీ అనొచ్చో లేదో హిందీవాళ్లు తేల్చుకోవాలి.

"ఇలా మొత్తం డేటా మార్చే పని ఇదివరకు చేశారా?" అని అడిగింది నీలిమ.

"హౌ మేడమ్! పర్సోఁచ్ కరా. పూరా గోదామ్ కా డేటా. దో దిన్ మే ఖతమ్!"

"గోదాము మొత్తం రెండు రోజుల్లోనా? అదీ పర్సోఁ?" ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

"హౌ, పర్సోఁచ్."

నీలిమ సంతోషంగా ఏదో రాసుకుంది. వేదశ్రీ కూడా తలాడించింది. ఆమె చెవికి అందులో వింతేమీ తోచలేదు. మూలనున్న మామగారు కూడా తలాడించారు.

మర్నాడు వరలక్ష్మీవ్రతం. పొద్దున్నే పసుపు చేతులతో వంటింట్లో ఉండగా ఫోన్‌కి మెయిల్ వచ్చింది. మోచేత్తో తెరిచి చదివింది వేదశ్రీ. 'మంగళవారమే ఇలాంటి పని ముగించిన మనిషి దొరకడం మా అదృష్టం. అతన్ని తీసుకుంటున్నాం. మంగళవారం ఎవరికి ఆ పని చేశారో వాళ్ల నుంచి రెండు ముక్కల లెటర్ పంపండి, చాలు.'

మొదట ఎగిరి గంతేసింది. తర్వాత మళ్లీ చదివింది. మంగళవారమేమిటి? ఫోన్ చేసింది.

"ప్రేమ్, మంగళారం నువ్వు ఏం జేసినవ్?"

"మంగళారమా అక్కా? సోనీకి పొద్దుగాల డ్యూటీ ఉండె. నేనే దోసెలు వోసిన."

"దోసెలు కాదయ్యా! డేటా మార్చిన పని. మొన్న చేసిన అన్నవ్ గద మేడమ్‌కు?"

"ఆఁ, మొన్ననే గద అక్కా. రెండువేల పందొమ్మిదిల."

వేదశ్రీ పసుపు చేత్తోనే నెత్తి పట్టుకుంది.

లోకంలో హిందీ మాట్లాడే కోట్లమందికి పర్సోఁ అంటే కచ్చితమైన రోజే. ముందుకు చూస్తే ఎల్లుండి, వెనక్కి చూస్తే నిన్నటికి ముందురోజు. చార్మినార్ చుట్టుపక్కల పుట్టినవాళ్లకు మాత్రం పర్సోఁ అంటే గడిచిపోయిన కాలమంతా. పోయిన వారం పర్సోఁ. పోయిన ఏడాది పర్సోఁ. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఆయన్ని మీ తాతగారు ఈ కొట్టు ఎప్పుడు పెట్టారని అడిగితే, అదీ పర్సోఁచ్. ఇందులో మోసం లేదు. జరిగిపోయిందేదీ మరీ దూరం పోలేదని ఈ ఊరివాళ్లకో ధీమా, అంతే. ఇక్కడి తెలుగువాళ్లకూ అదే అంటుకుని, 'మొన్న' అనే మాట సాగి సాగి పదమూడేళ్ల వెనకటి పెళ్లిదాకా పోయింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట కాబట్టి ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ప్రేమ్‌రాజ్ కాగితంలో రెండువేల పందొమ్మిదనే స్పష్టంగా ఉంది. ఈ మంగళవారంది ఇంకో కొత్త పని కాబోలని నీలిమ అనుకుంది.

వేదశ్రీ రామలింగానికి ఫోన్ చేసి సంగతి చెప్పింది. అతను పడీపడీ నవ్వాడు.

"దీనికింత లొల్లి ఎందుకు వేదా? మంగళారం లెటరే గద ఆమె అడిగింది. సాయంత్రానికి పంపిస్త. లెటర్‌హెడ్లు నా తాన డజనున్నయి. పిల్లగానికి పని వచ్చుగద, అబద్ధం ఒక్క తారీఖులనే."

"ఆలోచించి చెప్త," అంది వేదశ్రీ.

నిజంగానే ఆలోచించింది. అక్కడే వద్దని చెప్పేసిందని రాస్తే ఆమెను ఉన్నదానికన్నా గొప్పదాన్ని చేసినట్టవుతుంది. చవితికి ఇంకా పందొమ్మిది రోజులు. ప్రేమ్‌రాజ్‌కి పని వచ్చు, చేయగలడు. ఒక్క కాగితం పంపితే అతని ఇల్లూ నిలబడుతుంది, తన కంపెనీ కూడా నిలబడుతుంది. పంపకపోతే మళ్లీ మాధాపూర్ బస్సు, అదే కుర్చీ, అదే పెన్ను. అమ్మవారి ముందు కూర్చుని కథ చదువుతున్నంతసేపూ ఆమె మనసు లెటర్‌హెడ్ చుట్టూనే తిరిగింది. అందుకు సిగ్గు కూడా వేసింది.

మధ్యాహ్నం రెండింటికి, నాలుగిళ్లలో వ్రతాలు చేయించి, ఆ ఇళ్లలో ఇచ్చిన శనగలు సంచిలో వేసుకుని మామగారు ఇంటికొచ్చారు. మంచినీళ్లిచ్చి అంతా చెప్పింది. ఇంటర్వ్యూలో తలాడించిన తన తప్పూ దాచలేదు, రామలింగం మాటా దాచలేదు.

ఆయన నీళ్లు తాగి, కండువాతో మూతి తుడుచుకుని, ఒక్కటే అడిగారు.

"ఆ లెటర్ల ఏ తారీఖు ఏస్తరమ్మా?"

"ఆగస్టు ఐదు. మంగళారం."

"ఆనాడు పిల్లగాడు దోసెలు వోసిండంటివి గద?"

వేదశ్రీకి నవ్వాగలేదు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. లేచి నీలిమకు ఫోన్ చేసింది.

ఆ మాటలు ఏమంత తేలిగ్గా సాగలేదు. మా ఊళ్లో పర్సోఁ అంటే ఆరేళ్లు కూడా కావచ్చని వేదశ్రీ చెప్పింది.

"నేను ఏజెన్సీలతో తొమ్మిదేళ్లుగా వేగుతున్నాను," అంది నీలిమ. "లెటర్ అడిగిన ప్రతిసారీ ఒక కథ వస్తుంది. ఆఫీసు తగలబడిందన్నారు. మేనేజర్ పోయాడన్నారు. మొన్నంటే ఆరేళ్ల కిందట అన్న కథ మాత్రం మీ దగ్గరే విన్నాను."

"కథ కాదు మేడమ్. అబద్ధం చెప్పేదాన్నైతే లెటర్ పంపేదాన్ని, మీకు ఫోన్ చేసేదాన్ని కాదు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"సోమవారం పదకొండింటికి పది నిమిషాలు ఇస్తాను," అంది నీలిమ. "అతను చెప్పే ప్రతి పనికీ తారీఖు కావాలి. ఒక్కటి తప్పినా అక్కడితో ఆపేస్తాను."

ఆదివారం చర్చి నుంచి నేరుగా ప్రేమ్‌రాజ్ వచ్చాడు, ముఖం వేలాడేసుకుని. "నా నోటితోనే చెడగొట్టుకున్న అక్కా," అన్నాడు. వేదశ్రీ ఏదో ఓదార్చబోయేలోగా సుబ్రహ్మణ్యం గారు అతన్ని చాప మీద కూర్చోబెట్టారు. పూజగదిలోంచి పంచపాత్ర, ఉద్ధరిణి తెచ్చి ముందు పెట్టుకున్నారు.

"సూడు బిడ్డా, ఏ పూజైనా సంకల్పంతోనే మొదలు. ఏ ద్వీపం, ఏ దేశం, ఏ నది ఒడ్డు, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం. గవన్ని చెప్పినంకనే నేను ఫలానావాణ్ని, ఫలానా పనికి కూసున్న అని చెప్పాలె. అడ్రస్ లేకుంట ఉత్తరమేస్తే దేవునికి ఎట్ల ముడుతది? నీ పని గూడ గట్లనే చెప్పాలె."

ప్రేమ్‌రాజ్ ముఖం కాస్త విప్పారింది. "మా నాయన గూడ చర్చిల సాక్ష్యం గట్లనే చెప్తడు అయ్యగారూ. పందొమ్మిదివందల ఎనభై ఏడు, మార్చి ఇరవైరెండు, ఆదివారం, పొద్దుగాల పదిన్నరకు నేను రక్షణ పొందిన అని. ఒక్కనాడు గూడ నిమిషం మారలే."

"మరి తండ్రి నోటికి వచ్చింది నీ నోటికెందుకు రాదురా?"

పాఠం మొదలైంది. ప్రేమ్‌రాజ్ తన పనులు ఒక్కొక్కటీ చెప్పాలి. మొన్న అన్నా, పర్సోఁ అన్నా, అప్పట్ల అన్నా, సుబ్రహ్మణ్యం గారు ఉద్ధరిణితో పంచపాత్ర మీద కొడతారు. టింగ్. మొదటి గంటలో ఆ గదిలో మోగినన్ని టింగులు ఏ గుళ్లోనూ కార్తీకమాసంలో కూడా మోగి ఉండవు. ప్రేమ్‌రాజ్ పాత ఫోను తీసి, అప్పటి మెసేజీలు వెతికి, తారీఖులు సరిచూసుకున్నాడు. మూడింటికల్లా నాలుకకు దారి తెలిసింది. ఆ సమయంలో ముకుంద్ లోపలి నుంచి వచ్చి, "మొన్న తెచ్చిన కొబ్బరినూనె ఏది?" అన్నాడు.

టింగ్.

"నేనేం జేసిన?" అన్నాడు ముకుంద్ బిత్తరపోయి.

సోమవారం పదకొండయింది. తెర మీద నీలిమ ముఖంలో నవ్వు లేదు. మణికట్టున గడియారం చూసి, మొదలుపెట్టమంది. సుబ్రహ్మణ్యం గారు కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చున్నారు, చేతిలో ఉద్ధరిణితో.

ప్రేమ్‌రాజ్ గొంతు సవరించుకున్నాడు. హైదరాబాదు నగరం, మూసీ నది పక్కన, అని మొదలుపెట్టగానే వేదశ్రీ మామగారి వైపు చూసింది. మరీ అంత సంకల్పం అక్కర్లేదని చెప్పడం మరిచిపోయారు. కానీ అతను ఆగలేదు.

"సన్ దో హజార్ ఉన్నీస్, నవంబర్ సోలా, శనివార్, సుబహ్ ఛే బజే," అంటూ తన హిందీలోనే చెప్పుకుపోయాడు. ఆ శనివారం పొద్దున ఆరింటికి పాత సర్వర్ ఆపారు. ఆదివారం పదిహేడో తారీఖు మధ్యాహ్నం పన్నెండుకు డేటా అంతా కొత్తదాంట్లోకి చేరింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు అతను ఊరికే ఒక వరస చూస్తే, మూడో నెల ఐదో తారీఖు అని ఉండాల్సిన చోట ఐదో నెల మూడో తారీఖని ఉంది. వెతికితే అలాంటివి నాలుగువందల పన్నెండు. రోజూ నెలా తారుమారయ్యాయి. చప్పట్లు ఆపించి, సాయంత్రం నాలుగున్నరకల్లా అన్నీ సరిచేశాడు.

నీలిమ గడియారం చూడటం మానేసింది. మందుల కంపెనీ ఆవిడది. పెట్టె మీద గడువు తారీఖులో రోజూ నెలా తిరగబడితే ఏమవుతుందో ఆవిడకు వేరే చెప్పాలా?

"ఎలా పట్టుకున్నారు?" అని అడిగింది.

"నెలలు పన్నెండే కదా మేడమ్. పన్నెండు దాటిన రోజులన్నీ బాగానే ఉన్నయి, పన్నెండు లోపలివే తిరగబడ్డయి. అప్పట్ల..."

టింగ్.

"...పదిహేడో తారీఖు, మధ్యాహ్నం ఒకటిన్నరకు చూసిన."

"ఆ చప్పుడేమిటి?" అంది నీలిమ.

ప్రేమ్‌రాజ్ కళ్లు పక్కకు వెళ్లాయి. ఆవిడ కనుబొమలు దగ్గరికొచ్చాయి. "చూడండి, పని తెలిసినవాడేనని ఒప్పుకుంటున్నాను. కానీ పక్కన ఎవరో ఉండి జవాబులు అందిస్తున్నారు. ఇలాంటివి చాలా చూశాను. ఆ పర్సోఁ కథ కూడా ఇలా అందించిందే అయ్యుంటుంది."

అయిపోయింది, అనుకుంది వేదశ్రీ. మాధాపూర్ బస్సు హారన్ చెవిలో వినిపించింది. ఇక దాచేదేముందని ల్యాప్‌టాప్‌ని మామగారి వైపు తిప్పింది. నుదుట విభూతి, భుజాన కండువా, చేతిలో ఉద్ధరిణి, ముఖాన అపరాధం. సుబ్రహ్మణ్యం గారు తెర వైపు చూసి నమస్కారం పెట్టారు.

ఎంత కోపంలో ఉన్నా పెద్దాయన, పైగా పూజారి. నీలిమ చేతులు జోడించింది. "పండిత్‌జీ, మీరు ఈయనకు ఏం అందిస్తున్నారు?"

"కుఛ్ నై అమ్మా. తారీఖు నై బోలే తో బజాతూఁ, బస్," అని, తారీఖు చెప్పకపోతే కొట్టేది దీంతోనేనన్నట్టు ఉద్ధరిణి ఎత్తి చూపించి, మాట మార్చడానికి అన్నట్టు అడిగారు. "ఇండోర్ అంటే ఉజ్జయిని పక్కనే గద అమ్మా? మహాకాళుడి దర్శనం మీకు రోజూ దొరుకుతది. అదృష్టవంతులు." అదే ఆయన తన హిందీలో అన్నారు.

నీలిమ కాస్త మెత్తబడింది. మీరెప్పుడైనా ఉజ్జయిని వచ్చారా అని అడిగింది.

"ఆయే నా అమ్మా! పర్సోఁచ్ ఆయే థే!" అన్నారు సుబ్రహ్మణ్యం గారు ముఖం వెలిగిపోతూ.

"పర్సోఁ?" నీలిమ ముందుకు వంగింది. "మొన్న శనివారమా? మొన్న ఇక్కడంతా కుండపోత వర్షం పండిత్‌జీ. ఎలా వచ్చారు?"

"శనివారమేంది? కుంభమేళాకు గద అమ్మా. దో హజార్ చార్. మా ముకుంద్ కాలేజీ..."

టింగ్.

ఈసారి కొట్టింది ప్రేమ్‌రాజ్. ఆయన చేతిలోని ఉద్ధరిణి ఎప్పుడు లాక్కున్నాడో ఎవరూ చూడలేదు. కొట్టేసి, ఏం చేశానో అన్నట్టు నాలిక కరుచుకున్నాడు.

సుబ్రహ్మణ్యం గారు నోరు తెరిచి కోడలి వైపు చూశారు. కోడలు తెర వైపు చూసింది. తెర మీద నీలిమ రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ఇక ఆగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"దో హజార్ చార్! ఇరవై ఒక్క ఏళ్ల కిందట!" అంది మధ్యలో. "అప్పుడు నేను పదో తరగతి పండిత్‌జీ! మీరు పర్సోఁ వచ్చారా!"

ఆవిడ నవ్వుకు ముందు ప్రేమ్‌రాజ్, ఆ వెనక వేదశ్రీ, చివరికి సుబ్రహ్మణ్యం గారు కూడా నవ్వేశారు. ఆయన నవ్వుతూనే సిగ్గుపడుతూ కండువాతో ముఖం తుడుచుకున్నారు. నాలుగు రోజుల్లో ఎవరెన్ని చెప్పినా నమ్మని మాటను ఆయన తెలియకుండానే సాక్ష్యంతో సహా చూపించేశారు.

"వేదశ్రీజీ," అంది నీలిమ నవ్వు ఆపుకుంటూ. "మిమ్మల్ని అనుమానించాను, క్షమించండి. లెటర్ అక్కర్లేదు. ప్రేమ్‌రాజ్ పర్సోఁ సే షురూ కరేఁ, పని మొదలుపెట్టమనండి."

టింగ్.

ఈసారి ఉద్ధరిణి వేదశ్రీ చేతిలో ఉంది. "తారీఖు చెప్పండి మేడమ్," అంది.

నీలిమ నిటారుగా కూర్చుని, రాబోయే బుధవారం పొద్దున తొమ్మిదిన్నరను సంకల్పం చెప్పినంత శ్రద్ధగా చెప్పింది. "సన్ దో హజార్ పచ్చీస్, అగస్త్ తేరహ్, బుధ్‌వార్, సుబహ్ సాఢే నౌ బజే."

తెర ఆగిపోయాక ప్రేమ్‌రాజ్ సోనీకి ఫోన్ చేయడానికి గల్లీలోకి పరిగెత్తాడు. వేదశ్రీ బల్ల మీద తలవాల్చి కాసేపు ఏడ్చింది. సంతోషంతో వచ్చే ఏడుపు అంత బరువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. తల ఎత్తి చూస్తే మామగారు ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసుకుంటున్నారు. ఋత్విక్కుల పేర్ల కింద కొత్త గీత గీసి, ప్రేమ్‌రాజ్, ఇండోరు, మూడు నెలలు, అని రాశారు. పక్కన 'గొంతు మంచిది' అని కూడా రాశారు.

చవితి రోజు ముకుంద్ పొద్దున్నే మట్టి వినాయకుణ్ణి తెచ్చి పీట మీద పెట్టాడు. మాధాపూర్ మాట ఎత్తలేదు. నీలిమ ఇంకో ఇద్దరు మనుషులు కావాలని ముందురోజే రాసింది. ఆ ఉత్తరాన్ని భార్యకు తెలియకుండా అతను రెండుసార్లు చదువుకున్నాడు. పూజకు సికింద్రాబాద్ నుంచి లక్ష్మీకాంతమ్మ పెద్దమ్మ వచ్చింది. ముందుగదిలో బల్ల, ల్యాప్‌టాప్, పసుపు అంచు కార్డులు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏందే వేదా, కంపెనీ పెట్టినవంట! ఎప్పుడు మొదలువెట్టినవే?"

"మొన్ననే పెద్దమ్మా," అంది వేదశ్రీ పత్రి సర్దుతూ.

పూజగదిలోంచి వినిపించింది. టింగ్.

వేదశ్రీ చేతిలో పత్రి ఆగింది. ఉగాది వెళ్లిన వారమని చెప్పొచ్చు. బల్ల వేసిన రోజు అదే, కార్డులు వచ్చిన రోజూ దాని వెనకే. కానీ ఆమె నోటికి ఆ తారీఖు రాలేదు.

"విశ్వావసు నామ సంవత్సరం, శ్రావణ మాసం," అంది నిటారుగా నిలబడి, పూజగదికి కూడా వినపడేలా. "ఆగస్టు పదమూడు, బుధవారం, పొద్దున తొమ్మిదిన్నరకు మొదలైంది పెద్దమ్మా."